సంధిలో పోయిన అచ్చు

వికారాబాదు, తాండూరు బడులలో ఏండ్ల తరబడి సంధులు బోధించినవాణ్ణి కనుక, పార్టీల ‘విలీనం’ అనగానే నాకు వ్యాకరణమే స్ఫురిస్తుంది. రెండు అచ్చులు కలిసినప్పుడు ముందున్నది పోయి, తరువాతిది నిలుస్తుంది. పోయినదాన్ని ఎవరూ అడగరు.

తాండూరులో 1967లో గెలిచిన మర్రి చెన్నారెడ్డి గారి ఎన్నిక చెల్లదని 1968లో సుప్రీంకోర్టు తేల్చింది. తరువాత ఆయన నడిపిన తెలంగాణ ప్రజా సమితి 1971లో తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాలలో పదింటిని గెలిచి, ఆ ఏడే కాంగ్రెసులో కలిసిపోయింది. ప్రత్యేక రాష్ట్రం కోసమని వేసిన వోట్లవి!

2018లో కాంగ్రెసు పక్షాన పైలట్ రోహిత్ రెడ్డి గారు తెరాస మంత్రి పట్నం మహేందర్ రెడ్డి గారిని ఓడించారు. 2019 జూన్‌లో తామే తెరాస వైపు వెళ్ళారు. అప్పటికి శాసనసభలో కాంగ్రెసువారు 18 మంది. పదవ షెడ్యూలు ప్రకారం మూడింట రెండు వంతులు, అనగా 12 మంది కదిలితే అది ఫిరాయింపు కాదు, విలీనం. ఆ పన్నెండవవారు మా తాండూరువారే.

“సార్, నా వోటు ఇప్పుడు ఎవరి ఖాతాలో ఉన్నది?” అని నాపరాళ్ళ పనిచేసే పాత శిష్యుడొకడు అడిగాడు. నా వద్ద సూత్రం లేదు.

కమ్యూనిస్టు పాలన ముగిసిన పోలండులో 1991 ఎన్నికలు 29 పక్షాలను సభకు పంపాయి. బీరు ప్రియుల పార్టీకి సైతం 16 స్థానాలు! 1993 ఎన్నికలకు అక్కడ పార్టీలకు ఐదు శాతం వోట్ల గడప పెట్టారు. కఠినమే, కాని ఆ లెక్కలో ఉన్నవి వోట్లు. మన పన్నెండులో ఉన్నది సభ్యులు మాత్రమే.

తాండూరు తన మాట మళ్ళీ చెప్పుకోవడానికి నాలుగున్నరేండ్లు ఆగింది. 2023లో మరల కాంగ్రెసు అభ్యర్థినే గెలిపించింది.