గుణదల కొండ క్రింది బడి

బెజవాడ యనగానే సోదరీమణులకు ఇంద్రకీలాద్రియు, కృష్ణవేణియు మనసునకు వచ్చును. ఆ నగరముననే గుణదల కొండయు గలదు. మా రామాపురమునుండియు, తెనాలి రేపల్లె ప్రాంతములనుండియు ఏటేట ఫిబ్రవరి మాసమున నచటికి పోవు స్త్రీలు తక్కువవారు కారు. అందరును కొండపైని మరియమాతను దర్శించి మరలుదురే కాని, క్రింది బడుల వంక చూచువారు మిక్కిలి యరుదు. మాకు మాత్రము ఆ బడులను జూడవలెననియే వేడుక కలిగెను.

తెనాలిలో రైలెక్కి, దుగ్గిరాల దాటి, కృష్ణ వంతెన మీదుగా బెజవాడ చేరితిమి. అచటినుండి గుణదల కొలది దూరమే.

1924లో ఇచట అనాథ బాలల శరణాలయ ముండెను. దానికి అధికారి ఇటలీ దేశపు గురువగు అర్లాటిగారు. ఆ సంవత్సరముననే వారు కొండమీది గుహలో లూర్దుమాత విగ్రహమును నిలిపిరి. ఫ్రాన్సులోని లూర్దు గ్రామమున 1858 ఫిబ్రవరి 11వ తేదీని బెర్నదెత్ అను పదునాలుగేండ్ల పేదపిల్లకు మరియమాత కన్పట్టెనని కతోలికుల విశ్వాసము. ఆ పిల్లకు అప్పటికి చదువను వ్రాయను రాదు. అట్టి పిల్ల చూచిన తల్లిని, దిక్కులేని పిల్లల వసతికి ఎగువను నిలుపుట మాకు ఎంతయు ఉచితముగా తోచినది. కొండపైని ఆలయమునకు 1971లో ప్రతిష్ఠ జరిగెను. ఇచట పిల్లల యిల్లు పెద్దది, గుడి చిన్నది, వయస్సున సుమండీ!

అమెరికాలో 1884లో బాల్టిమోరు నగరమున మేత్రాణులు సభ చేసి, ప్రతి దేవాలయమునకు చేరువను బడి యుండవలెనని శాసించిరి. వలస వచ్చిన ఐర్లండు, పోలండు దేశస్థుల బిడ్డలకు మఠకన్యలే పెక్కుచోట్ల ఉపాధ్యాయినులైరి. అచట గుడి వెంట బడి వచ్చెను. గుణదలలో బిడ్డలను చేరదీసిన చోటనే గుడి వెలసెను.

మెట్లెక్కుచుండగా కొబ్బరికాయలు కొట్టువారు, తలనీలాలిచ్చువారు కానవచ్చిరి. మన యాచారములన్నియు ఈ తల్లికిని దక్కినవి. గుండు చేయించిన మనుమని చంక నెత్తుకొనిన యొక వృద్ధురాలిని, “పెద్దమ్మా, మీరు క్రైస్తవులా?” అని యడిగితిమి.

“కాదమ్మా. పొద్దున దుర్గమ్మను చూసే వచ్చాను. మా అమ్మాయికి బిడ్డ పుడితే ఇక్కడ జుట్టు ఇస్తామని మొక్కుకున్నాం.”

“వీనిని క్రింది బడిలో చదివింతురా?”

“కింద బడి ఉందా తల్లీ?” అని యామె ఆశ్చర్యపడెను.

ఆమెను తప్పు పట్టలేము. ఉత్సవము జరుగు 9, 10, 11 తేదీలలో ఆ జనసముద్రమున బడి యెవరికి కనబడును? గుణదలలో గ్రాసీ మేత్రాణుల పేరిట ఉన్నత పాఠశాల కలదు. 1937లో ఏర్పడిన బెజవాడ మేత్రాసనమునకు వారే తొలి మేత్రాణులు. కొండకు చేరువనే యేసుసభవారి ఆంధ్ర లొయోలా కళాశాల యున్నది. అది 1953లో స్థాపింపబడినది, మొదట పురుషులకే. ఆడపిల్లలకై ఫ్రాన్సిస్కను మఠకన్యలు మేరిస్ స్టెల్లా కళాశాలను 1962లో గాని తెరువలేదు. తొమ్మిదేండ్ల యెడము! ఆ తొమ్మిదేండ్లలో పెండ్లిపీట లెక్కిన తెలివిగల పిల్లలెందరో యని మేము లెక్కించుకొనక మానలేదు. మేరిస్ స్టెల్లా యన సముద్రతార యని లాటినున నర్థము. అదియు మరియమాత బిరుదమే. నేడు మన వైపు పిల్లలు బెజవాడ వరకు పోకయే తెనాలిలోని జె.ఎం.జె. మహిళా కళాశాలలో చదువుకొనవచ్చును.

గుణదల పోదలచిన సోదరీమణులు ఉత్సవ దినములు గడచిన పిమ్మట, బడి యున్న దినమున బయలుదేరుట మేలు. ఎండ ముదురకముందే మెట్లెక్కి దర్శనము చేసికొని దిగినచో, పిల్లలు బడికి వచ్చు వేళకు క్రింద నుందురు.