నోరు తెరచుటకు ధైర్యము



మన గ్రామ సంఘములలో ఆదివారము పాఠము చదువుమని పిలిచినయెడల, చదువు వచ్చినవారు సహితము తల వంచుకొని కూర్చుందురు. "అయ్యగారూ, నాకు గుండెదడ, మరియొకరిని పిలువండి" అని బ్రతిమాలుదురు. ఈ భయము పాపము కాదు. మోషే తనకు మాట చక్కగా రాదని దేవునితోనే చెప్పుకొనెను. కొరింథులో తాను వణకుచు బోధించితినని పౌలు దాచుకొనక వ్రాసెను.

నేను ముప్పది ఏండ్లుగా ప్రసంగించుచున్నాను. ఇప్పటికిని లేచి నిలుచుటకు ముందు నా నోరెండును. భయము కలిగినప్పుడు మన దేహము పరుగెత్తుటకో పోరాడుటకో సిద్ధపడును. అందుచేతనే గుండె వేగముగా కొట్టుకొనును, చేతులు వణకును. కొంతసేపు మాటలాడగా అది దానంతట అదే తగ్గును. భయము పోయిన తరువాత మాటలాడుదుమని వేచియుండువాడు ఎన్నడును మాటలాడడు.

గాంధీగారు 1891లో బారిస్టరై లండను నుండి తిరిగి వచ్చిరి. బొంబాయిలో తమ మొదటి వ్యాజ్యమందు సాక్షిని ప్రశ్నించుటకు లేచినప్పుడు తల తిరిగినట్లాయెను. ఒక్క ప్రశ్నయు తోచలేదు. కూర్చుండి, 30 రూపాయల ఫీజును తిరిగి ఇచ్చివేసిరి. అట్టివారు 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో భారతీయ వర్తకుల సభలో ఉపన్యసించిరి. అక్కడి మనవారి కష్టములు వారి మనస్సును పట్టుకొనియుండెను. చెప్పవలసిన సంగతిని ముందుగానే సిద్ధపరచుకొనిరి. బిడియము పూర్తిగా పోకపోయినను నోరు తెరచుకొనెను. "నన్ను ఏమనుకొందురో" అను తలంపు స్థానములో "వీరికి ఈ మాట అవసరము" అను తలంపు వచ్చినప్పుడు ధైర్యము పుట్టును.

గనుక చిన్నదానితో మొదలుపెట్టుడి. ఇంటిలో పిల్లల యెదుట ఒక కీర్తనను బిగ్గరగా చదువుడి. తరువాత గృహకూటములో పదిమంది మధ్య రెండు మాటలు చెప్పుడి. ఒక్క సంగతినే ఎంచుకొని, మొదటి వాక్యమును కంఠస్థము చేయుడి. లేచిన తరువాత ఊపిరి నెమ్మదిగా విడువుడి. ప్రేమగా చూచు ఒక ముఖమును వెదకి, ఆ మనిషితో చెప్పుచున్నట్లు చెప్పుడి. మాట మరచినయెడల ఆగుడి. ఆ ఆగుట మీకు యుగముగా తోచును, వినువారికి అది క్షణమే.

వినువారికిని ఒక మాట. చదువువాడు తడబడినప్పుడు వెనుక వరుసలోని నవ్వు, ఒక నోటిని పదేండ్లు మూయగలదు. నవ్వకుడి.

నేనెరిగిన ఒక విధవరాలికి పింఛను నిలిచిపోయెను. రెండు గ్రామసభలలో ఆమె కూర్చుండి, ఏమియు పలుకక లేచి వచ్చెను. ఆ యేడు స్త్రీల కూటములో బిగ్గరగా ప్రార్థించుట నేర్చుకొనెను. మూడవ సభలో లేచి నాలుగు మాటలు చెప్పెను. స్వరము వణకెను గాని మాట ఆగలేదు. అధికారి ఆమె పేరు వ్రాసికొనెను. మౌనము వలన బీదవానికి కలుగు నష్టము ఎంతటిదో అప్పుడు మాకందరికిని తెలిసెను.

మాట రాదన్న మోషేకు దేవుడు అహరోనును తోడిచ్చెను. ఆ మోషేయే కడపట సర్వజనుల యెదుట దీర్ఘముగా బోధించెను. ద్వితీయోపదేశకాండము చాలమట్టుకు ఆయన మాటలే. మీ ప్రక్కన నోరు తెరువలేనివారు ఎవరున్నారో చూడుడి. వారికి తోడుగా నిలువుడి.