బిషాన్ నదీ, చుక్కల చేపా

బిషాన్–ఆంగ్ మో కియో పార్కులో కలాంగ్ నది ఒకప్పుడు 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువ. 2012 నాటికి దాన్ని 3.2 కిలోమీటర్ల మెలికల నదిగా మార్చారు. గట్టున చేపలు చూసిన పిల్లలకు ఇంట్లోనూ ఒకటి కావాలనిపిస్తుంది. అక్వేరియం దుకాణంలో తెల్లని ఒంటిమీద నల్లచుక్కలతో చిన్న పాంథర్ గ్రూపర్ కనిపిస్తే ఇక కదలరు. ముద్దుగా ఉన్నా అది పగడపు దిబ్బల్లో వేటాడే చేప. 70 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, నోట్లో పట్టిన తోటిచేపనల్లా మింగేస్తుంది. మన ఫ్లాట్లలో అంత తొట్టి ఎక్కడ పెడతాం? పెరిగాక నదిలో వదిలేద్దామంటే, ఉప్పునీటి చేప మంచినీటిలో బతకదు. చట్టమూ ఒప్పుకోదు. అందుకే కొనేముందే అడగండి: ఇది పెద్దయితే ఎంతవుతుంది, ఏం తింటుంది?