250 మాటల్లో ఒక కథ

మధ్యాహ్నం గిన్నెలు సర్దేశాక దొరికే గంటసేపూ నేనిప్పుడు సీరియళ్లు చూడట్లేదు. ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిన సినిమా కథలు ఫోన్‌లో చదువుతున్నాను.

ఈ పని నాకు అంటగట్టింది మా అక్క కొడుకు. బీటెక్ అయ్యాక కృష్ణానగర్‌లో గది తీసుకుని సినిమా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. మా నాదర్‌గుల్ నుంచి ఔటర్ ఎక్కితే రామోజీ ఫిల్మ్ సిటీ పెద్ద దూరమేం కాదు. కానీ కథ పట్టుకుని లోపలికి వెళ్లే దారి మనలాంటి ఇళ్లలో ఎవరికి తెలుసు? మా బావ వాడికి దసరా దాకా గడువిచ్చాడు. తర్వాత ఉద్యోగం చూసుకోవాల్సిందేనట. తండ్రీకొడుకులకు నాలుగు నెలలుగా మాటల్లేవు.

2024 చివర్లో ది స్క్రిప్ట్ క్రాఫ్ట్ అనే వెబ్‌సైట్ గురించి ప్రభాస్ చెప్పడంతో మావాడికి ప్రాణం లేచొచ్చింది. తాళ్ల వైష్ణవ్, ఉప్పలపాటి ప్రమోద్ దాన్ని మొదలుపెట్టారు. కథను 250 మాటల్లో కుదించి పెడితే చదివినవాళ్లు రేటింగ్ ఇస్తారు, ఎక్కువ వచ్చినవి పైకి వస్తాయి. అభిమాన హీరోకు సూపర్ పవర్స్ వస్తే ఎలా ఉంటుందో 3,500 మాటల్లోపు రాయమని పోటీ కూడా పెట్టారు. 2025లో దిల్ రాజు కూడా కొత్తవాళ్ల కోసం దిల్ రాజు డ్రీమ్స్ తెచ్చారు. ఇలాంటివి ఎక్కడున్నా మావాడు వదలడు. "చిన్నమ్మా, నీ బీఏ తెలుగు ఇన్నాళ్లకు పనికొస్తది, చదివి ఏది బాగుందో చెప్పు" అని లింకులు పంపిస్తాడు.

చదువుతుంటే రాళ్లలో బియ్యం ఏరినట్టుంటుంది. మొదటి వాక్యంలోనే లోకం అంతమవుతుంది, రెండో వాక్యంలో హీరో లేస్తాడు. మావాడు రాసిందీ అంతే, మొహమాటం దేనికి? 2023లో వచ్చిన బలగం కథను 250 మాటల్లో రాస్తే ఏముంటుంది? ఊళ్లో పెద్దాయన పోతాడు, పెట్టిన ముద్ద కాకి ముట్టదు, ఇంట్లోవాళ్లు ఒకర్నొకరు చూసుకుంటారు. పేరు లేనివాడు రాసి పెడితే మనం రేటింగ్ ఇచ్చేవాళ్లమా? అందుకే నేను పైనున్నవి వదిలేసి అడుగు నుంచి చదువుతాను.

అలా ఒకటి దొరికింది. ళకారాలన్నీ లకారాలే, ఫుల్‌స్టాపుల్లేవు. పెళ్లిళ్లకు వన్ గ్రామ్ గోల్డ్ నగలు అద్దెకిచ్చే ఒకావిడ. ఒక పెళ్లికిచ్చిన సెట్టు తిరిగి రాదు. వెతుక్కుంటూ వెళ్తే, పెళ్లికూతురి అత్తింటివాళ్లు దాన్ని అసలు బంగారమనుకుని బీరువాలో పెట్టి తాళం వేసుంటారు. నిజం చెబితే ఆ పిల్ల కాపురం పోతుంది. చెప్పకపోతే ఈవిడకు వచ్చే ముహూర్తాల్లో ఇవ్వడానికి నగల్లేవు. ఆ పిల్ల ఆవిడ చేతికి మంచినీళ్ల గ్లాసు ఇస్తుంది, గ్లాసు వణుకుతుంటుంది. అక్కడితో ఆపేశారు.

నాకు చెయ్యి ఆడలేదు. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో లెక్కే లేదు. ఈ రాసినవాళ్లకు అద్దె నగల వ్యాపారం తెలుసు, వణికే గ్లాసు తెలుసు. ళకారం ఎవరైనా దిద్దిపెడతారు, ఆ గ్లాసును ఎక్కడి నుంచి తెస్తారు? వాళ్లెవరో ఈ కథను ముందు రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకుంటే బాగుండునని కూడా అనిపించింది. అమాయకులు కాబోలు.

మావాడికి పంపాను. రెండు రోజులు ఫోన్ లేదు. మూడో రోజు చేసి, తన సూపర్ హీరో కథకు రాసుకున్న వన్‌లైన్ ఆర్డర్, అదే, సీను తర్వాత సీను వరుస, మొత్తం పక్కన పెట్టేశానన్నాడు. కాసేపు ఊరుకుని, "చిన్నమ్మా, నాయిన బోరు బండి మీద ఎన్నేండ్లు తిరిగిండు? నీళ్లు పడకపోతే రైతుకు ఏం చెప్పేటోడు?" అన్నాడు.

"నాకేం ఎరుక? మీ నాయిన్నే అడుగు" అన్నాను.

రాత్రి అక్క ఫోన్ చేసింది. వాడు ఇంటికొచ్చాడట. బావ అన్నం తింటూ చీకట్లో కేసింగ్ పైపు దించడం గురించి చెబుతుంటే, వాడు ఫోన్‌లో రికార్డు చేసుకుంటున్నాడట.