జైలు ఇంగ్లీషు

ఊళ్లో ఎవరో జైలుకు పోతే మనకు మాటలకు కొదవ ఉండదు. అత్తారింటికి వెళ్లాడంటాం, శ్రీకృష్ణ జన్మస్థానంలో ఉన్నాడంటాం, ఊచలు లెక్కపెడుతున్నాడంటాం. చిప్పకూడు సరేసరి. పోయినవాడు మన ఇంటివాడే అయితే మాత్రం ఈ సరసాలన్నీ నోరు మూసుకుంటాయి. అప్పుడిక ఇంగ్లీషే: రిమాండు, బెయిలు, ష్యూరిటీ, పెరోలు. బడి గడప తొక్కని తల్లి కూడా "మళ్లీ రిమాండు పొడిగించారంట" అని తడుముకోకుండా చెబుతుంది. కొడుకుని చూసొచ్చే ములాఖత్ ఒక్కటే ఉర్దూది. నా చెవికి ఆ మాటే కాస్త మెత్తగా తగులుతుంది.

ఈ ఇంగ్లీషులో జనం ఎక్కువగా పొరబడేది 'లైఫ్' దగ్గర. "లైఫ్ పడితే ఏముందిరా, పద్నాలుగేళ్లేగా" అని కోర్టు వరండాలో ఎవరో ఒక పెద్దమనిషి ధైర్యం చెబుతూనే ఉంటాడు. యావజ్జీవమంటే బతికున్నన్నాళ్లూ అని సుప్రీంకోర్టు 1961లోనే, గాంధీ హత్య కుట్రలో యావజ్జీవం పడ్డ గోపాల్ గోడ్సే కేసులో చెప్పేసింది. 2024 దాకా అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 1978లో చేరిన 433ఎ సెక్షన్‌లో 14 ఉన్నమాట నిజమే. ఉరిశిక్షకు కూడా వీలున్న నేరానికి యావజ్జీవం పడితే, 14 ఏళ్లు లోపల గడపనిదే విడుదల చెయ్యొద్దని దాని అర్థం. అంతకు ముందు వదలకూడదన్నారేగాని, అప్పటికి వదిలేస్తామని ఎవరూ అనలేదు. ఆ పైన దయ ప్రభుత్వానిది.

'బెయిలొచ్చింది' కూడా అలాంటిదే. వినగానే ఇంట్లో ఎసట్లో బియ్యం ఎక్కువ పడతాయి. కానీ ఇంకా ష్యూరిటీలు దొరకాలి, కాగితాలు కోర్టుకు నచ్చాలి, రిలీజ్ ఆర్డరు జైలుకు చేరాలి. పూచీ నిలబడే మనిషి లేక, బెయిలు చేతికొచ్చాక కూడా లోపలే ఉండిపోయేవాళ్లున్నారు. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా అండర్ ట్రయల్సే. అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. పక్కింటివాళ్ల దృష్టిలో మాత్రం 'జైలుకెళ్లొచ్చినవాళ్లు'.

సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, 2016లో 'ఫీల్ ది జైల్' అని మొదలుపెట్టారు. అప్పట్లో 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీ బట్టలు, ఖైదీ తిండి. ఇంగ్లీషులో పెట్టారు కాబట్టి సరిపోయింది. తెలుగులో 'జైలు అనుభవించండి' అని బోర్డు కడితే శాపనార్థమనుకుని సగంమంది గేటు దగ్గరే వెనక్కి తిరిగేవారు. లోపలికి వెళ్లినవాళ్లను మటుకు మర్నాడు ష్యూరిటీ అడక్కుండానే పంపించేవారు.