21 రోజుల సూది



మా రూమ్‌లో ఇంటర్ చదివే తమ్ముడికి 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది. కర్నూలు పెద్దాసుపత్రిలో ఎకో తీసి రుమాటిక్ గుండె జబ్బు అన్నారు. చిన్నప్పటి గొంతునొప్పితో మొదలయ్యేది ఇది. గొంతులో చేరిన క్రిమి మీద ఒళ్లు చేసే పోరాటమే తిరగబడి కీళ్లను వాపెక్కిస్తుంది, గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. గొంతునొప్పి మళ్లీ వస్తే మళ్లీ దెబ్బే. పాడైన కవాటాన్ని సూది బాగుచేయదు, ఆ రెండో దెబ్బ పడకుండా కాస్తాది, అంతే.

"బాగనే ఉండావు గదా, సూది ఏంటికి?" అంటారు తాండాలో. బాగుండేది సూది వల్లనే! మందు చిక్కన, సూది లావు. వేసిన రోజు కుంటుతాడు పాపం. ఒంట్లో దాని బలం మూడు నాలుగు వారాలే. కవాటం చెడినోళ్లకు కనీసం 10 ఏళ్లు, కొందరికి 40 ఏళ్ల వయసు దాకా వేయాల.

హాస్టల్లో ఉంటే తేదీ తప్పదు. సంక్రాంతి అయినాక అమ్మానాయనతో గుంటూరు మిరపకోతలకు, సుగ్గికి పోతాండాడు. చేలో గుడిసె, చుట్టూ తెలియనోళ్లు. సూది చీటీ ఫొటో తీసి మా ముగ్గురి ఫోన్లలో పెట్టుకున్నాం, వాళ్ల నాయనకూ పంపినాం. అసలు చీటీ వాడి సంచిలోనే ఉంది.

ఈసారి తేదీ 24. గుంటూరు పక్క ఈ సూది వేసే పీహెచ్‌సీ తెలిసినోళ్లు ఉంటే ఆలోపల చెప్పండి.