కొండ సైకిలు

మా యమ్మాయికి కొండదారులఁ ద్రొక్కుటకు సైకిలు కావలసివచ్చెను. దుకాణదారుఁడు 21 గేర్లను, ముందుచక్రపు స్ప్రింగులను, తళతళలాడు రంగును వర్ణించెను. రంగునకు లోఁబడినవాఁడను నేనే, అమ్మాయి కాదు.

కొనకమునుపు అనంతగిరి ఘాటుదారిని దిగినవారి నడిగితిని. ఎక్కుటనుగూర్చి యొక్కరును జెప్పలేదు. ఎక్కలేనిచో నడిపించుకొనిపోవచ్చును గదా! అందఱును బ్రేకులమాటయే యెత్తిరి. 1976లో కాలిఫోర్నియాయందు మొదలైన ‘రీప్యాక్’ పందెమున పాతసైకిళ్ల వెనుకబ్రేకు వేఁడికి గ్రీజు పొగయై పోవుచుండెను. మరల గ్రీజు కూరవలసివచ్చుటచేతనే యా పే రేర్పడెను. చవుక స్ప్రింగులు బరువే కాని యక్కఱకు రావనియు వారే చెప్పిరి.

స్ప్రింగులు లేనిదియు, నూనెతోఁ బనిచేయు డిస్కుబ్రేకులు గలదియుఁ గొంటిని. రంగు బూడిదవన్నె.

మొన్న మొదటిసారి దిగివచ్చి, “నాన్నగారూ, రెండువ్రేళ్లతోనే యాగినది” అనెను. అంతదనుక నేను మలుపుకడ నిలిచియే యుంటిని.